కనుపాప చెప్పు కష్టము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి వర్తకమున ప్రవేశించినవాడను. మా అంగడిలోని కుఱ్ఱవాడు లెక్క అడిగినప్పుడు వెంటనే బదులు చెప్పక నిలిచిపోవుచుండెడివాడు. పరధ్యానమని కసరుచుంటిని. మనసులో కూడుచున్న మొత్తము నా కసరుతోనే చెదరిపోవుచున్నదని ఒకనాడు అతడే చెప్పెను. తప్పు నాదని సిగ్గుపడితిని.

1964లో హెస్, పోల్ట్ అను శాస్త్రజ్ఞులు నోటిలెక్కలు చేయువారి కనుపాపలను ఫోటోలు తీసి పరిశీలించిరి. లెక్క కఠినమైన కొలది పాప విచ్చుకొనెను. జవాబు చెప్పిన పిదప ముడుచుకొనెను. 1966లో కానెమన్, బీటీ అనువారు అంకెలు వరుసగా వినిపించి అప్పగింపుమనిరి. ఒక్కొక్క అంకె జ్ఞాపకమున చేరిన కొలది పాప పెరిగెను, అప్పగించుచుండగా తగ్గెను. అనగా ధారణ మోయవలసిన బరువే.

ఈ సంగతి అవధానవిద్యకు ప్రసిద్ధి చెందిన మన భాషవారికి క్రొత్త కాదు. బాల్యమున మన యానాములో చదువుకొన్న చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఆ విద్యలో మేటి. అవధాని ధారణను చెదరగొట్టుటకు సభలో అప్రస్తుతప్రసంగి యుండును. మన పిల్లలకు మనమే అప్రస్తుతప్రసంగుల మగుచున్నాము!

పాపలోని ఈ మార్పు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురును బట్టియు పాప మారును. కావున బిడ్డ కన్నులు చూచి తీర్పు చెప్పవలదు. ప్రశ్న వేసిన పిమ్మట పది లెక్కించునంతసేపు మౌనముగా నుండుడు. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నా మనవి ఇంతియే.