రాయి మనది, పేరు గోల్కొండది
(తుగ్గలిలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రపంచ మార్కెట్లలోకి వ్యాపారం ఎలా వెళ్తుంది, అక్కడ ఎలా నిలబడుతుంది అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అది పెద్ద కంపెనీల సంగతి కదా, తుగ్గలిలో మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచ మార్కెట్ మన పొలాల్లోకి వచ్చి వందల ఏళ్లయింది. అందులో మనకు దక్కుతున్న వాటా ఎంత అన్నదే అసలు ప్రశ్న.

తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. దూరపు జిల్లాల నుంచి కూడా జనం వచ్చి ఎర్రనేలలో తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. ఏ కూలికో ఒక రాయి దొరుకుతుంది. సాయంత్రానికి వ్యాపారి వస్తాడు. ధర అతనే చెప్తాడు. దొరికినవాడికి రాయి కనిపిస్తుంది గానీ దాని విలువ కనిపించదు. కారట్ అంటే గ్రాములో ఐదో వంతు అని, రంగు, స్వచ్ఛత, సాన ఈ మూడూ బరువుతో కలిసి ధరను నిర్ణయిస్తాయని అతనికి చెప్పినవారు లేరు. ఆ చదువు ఉన్నచోటికే డబ్బు వెళ్తుంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్‌లోనే తయారవుతున్నాయి. సూరత్‌లో వజ్రాల గనులు లేవు. పని నేర్చిన చేతులు, తూచి చెప్పే కళ్లు, మాట నిలబెట్టుకునే దళారులు ఉన్నారు.

గోల్కొండ కథ కూడా ఇదే. గోల్కొండ కోటలో ఏనాడూ వజ్రం దొరకలేదు. రాళ్లు కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చాయి. గోల్కొండలో ఉన్నది మార్కెట్. అక్కడ వాటిని పరీక్షించేవారు, తూచేవారు, కొనేవారు ఉండేవారు. అందుకే లోకమంతా వాటిని గోల్కొండ వజ్రాలు అంది. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చిన మనిషి. వజ్రాల వ్యాపారంలో ఎదిగి, సొంత ఓడలు నడిపి, గోల్కొండ సుల్తానుకు మంత్రి అయ్యాడు. మన పక్కనున్న గండికోటను కూడా జయించాడు. సరుకు పుట్టినచోటు వేరు, పేరు పుట్టినచోటు వేరు. లాభం పేరు వెంట నడుస్తుంది. వ్యాపార వ్యూహంలో మొదటి పాఠం ఇది.

ఇప్పుడు పత్తికి వద్దాం. ఆదోని మార్కెట్ యార్డుకు బండి తోలే రైతుకు న్యూయార్క్‌తో ఏం పని? చాలా పని ఉంది. 2011 మార్చిలో న్యూయార్క్‌లో పౌను దూది ధర 2 డాలర్లు దాటింది. కొన్ని నెలల్లోనే దాదాపు సగానికి పడిపోయింది. మరుసటి ఏడాది మార్చి 5న కేంద్రం పత్తి ఎగుమతులను ఆపేసి, వారం తిరిగేసరికి సడలించింది. ఎక్కువ ధర చూసి అప్పు తెచ్చి సరుకు నిల్వ చేసినవాళ్లు ఇలాంటి రోజుల్లోనే మునుగుతారు. కాబట్టి రెండో పాఠం: ధర మన చేతిలో లేనప్పుడు అప్పు మన చేతిలో ఉండాలి.

మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది, నాణ్యత. బయటి దేశాల మిల్లులు పింజ పొడవు, తేమ, చెత్త చూసి ధర కడతాయి. మన దేశపు దూది మీద పాత ఫిర్యాదు ఒకటుంది. అందులో ప్లాస్టిక్ సంచుల పోగులు, వెంట్రుకలు కలుస్తాయని. ఒక్క ప్లాస్టిక్ పోగు నూలులోకి వెళ్తే రంగు వేసిన బట్ట మీద మచ్చగా తేలుతుంది. ఆ నష్టం ఊహించుకునే కొనేవాడు ముందే ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపు చివరికి చేరేది పత్తి తీసే ఆడబిడ్డ కూలి దగ్గరికే. ఎరువుల సంచి బదులు నూలు గుడ్డ సంచిలో పత్తి తీస్తే ఈ మచ్చ చాలావరకు పోతుంది.

పెద్ద కంపెనీలు పొరపాట్లు చేయవా? చేస్తాయి. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. అప్పటిదాకా అక్కడ డాక్టర్ రాసిన బ్రాండ్‌కు విలువ ఉండేది. తర్వాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి, తక్కువ ధర ఇచ్చినవారి మందులే తీసుకోవడం మొదలుపెట్టాయి. ధరలు పడ్డాయి. కొన్న ఆస్తి విలువను కంపెనీ తన లెక్కల్లో బాగా తగ్గించుకోవలసి వచ్చింది. కంపెనీ నిలబడింది, ఎందుకంటే ఆ ఒక్క దేశం మీదే ఆధారపడలేదు. మార్కెట్‌ను కొనవచ్చు, ఆ మార్కెట్ నియమాలను కొనలేం. ఇది మూడో పాఠం.

సోదరులారా, దూర వ్యాపారం మన సంప్రదాయానికి కొత్త కాదు. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును దైవప్రవక్త (స) చేతికిచ్చి షామ్ దేశానికి పంపారు. తన సేవకుడు మైసరాను కూడా వెంట పంపారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. నమ్మకం ఉంది, నమ్మకంతో పాటు సాక్షి కూడా ఉన్నాడు. ముదారబా పద్ధతి ఇలాంటిదే. ఒకరిది పెట్టుబడి, ఒకరిది శ్రమ. లాభంలో వాటాలు ముందే రాసుకుంటారు. నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడు సొమ్ము కోల్పోతాడు, పనిచేసినవాడు శ్రమ కోల్పోతాడు. తూకంలో మోసం చేసేవారి మీద హెచ్చరికతోనే మొదలయ్యే సూరా ఖురాన్‌లో ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్, 83వది. నాణ్యత మనకు మేనేజ్‌మెంట్ పుస్తకం చెప్పకముందే ఈమాన్‌లో భాగం.

జకాత్ కూడా మంచి లెక్కల మాస్టారే. అమ్మకానికి ఉంచిన సరుకు, చేతిలోని నగదు, రావలసిన బాకీలు లెక్కకట్టి నూటికి రెండున్నర తీయాలి. షాపు గోడలకు, జిన్నింగ్ యంత్రానికి జకాత్ లేదు. నిజాయితీగా జకాత్ తీయాలంటే ఏడాదికొకసారి గోడౌన్ తెరిచి బేళ్లు లెక్కపెట్టక తప్పదు. ఏ బాకీ వస్తుందో, ఏది మునిగిందో ఒప్పుకోక తప్పదు. జకాత్‌ను అంచనాగా ఇచ్చేవాడికి తన వ్యాపారం కూడా అంచనాగానే తెలుసు.

చివరగా దాతలకు నా మనవి. ఏటా ఈ మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతున్నాయి. వాళ్లతో పాటు పిల్లల చదువూ పోతోంది. రేషన్ ఇవ్వడం అవసరమే, అది ఆపవద్దు. జకాత్ సొమ్ము జకాత్‌కు అర్హులైనవారికే చేరాలి. దానికి అదనంగా మీరిచ్చే సదఖా, విరాళాల్లోంచి మూడు పనులకు కొంత పక్కన పెట్టండి. ఒకటి, పత్తి తీసే మహిళలకు గుడ్డ సంచులు, ఊరికొక తేమ కొలిచే మీటరు. రెండు, ఏటా కొందరు యువతీ యువకులకు పత్తి గ్రేడింగ్, వజ్రాల గ్రేడింగ్, ఎగుమతి కాగితాల పనిలో శిక్షణ. ఎగుమతి కోడ్‌కు ప్రభుత్వ రుసుము 500 రూపాయలే. ఖరీదైనది దాన్ని వాడటం తెలిసిన మనిషి. మూడు, చిన్న వ్యాపారులకు ఖాతా పుస్తకం రాయడం నేర్పే తరగతి, మసీదు పక్కన, ఇషా తర్వాత గంటసేపు చాలు. మతం చూడకుండా వచ్చినవారందరికీ నేర్పుదాం. చేలో రాయి ఎవరికైనా దొరుకుతుంది కదా.

దొరికిన రాయి విలువ దొరికినవాడికే తెలిసిన రోజున వ్యాపారి ధర అడిగి తెలుసుకోవలసి వస్తుంది. ఆ రోజు కోసం మీరిచ్చే రూపాయిలో అల్లాహ్ బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.