టైర్లు మార్చుకొనునప్పుడు



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము చాల చిన్నది. కారు గలవారు నాలుగైదేండ్ల కొకసారి చేయక తప్పని పని, పాత టైర్లు తీసివేసి క్రొత్తవి వేయించుకొనుట. అల్లుని వెదకునంత విచారణతో కారు కొనువారు సయితము టైర్ల దగ్గరకు వచ్చునప్పటికి దుకాణదారుడు "ఇవి మంచివండీ" యన్నచో తృప్తిపడుదురు. నేనును అట్టివాడనే.

2022 అక్టోబరు నెలలో ఒక సాయంకాలము సింహాచలము కొండపైనుండి ఘాటురోడ్డున దిగుచుంటిని. అప్పుడే చినుకులు మొదలైనవి. ఒక మలుపులో ముందు పోవుచున్న బస్సు ఆగెను. బ్రేకు త్రొక్కితిని. కారు ఆగలేదు, జారినది. వెనుక సీటున మా తల్లిగారు ప్రసాదము ఒడిలో నుంచుకొని కూర్చుండి యున్నారు. బస్సునకు జానెడు దూరమున బండి నిలిచెను. అది అప్పన్నస్వామి దయ యని మా తల్లిగారనిరి. నేను కాదనలేదు. కాని మరునాటి ఉదయము పంక్చరు వేయు ముసలివానికి టైర్లు చూపితిని.

"చాళ్లు నిండుగానే యున్నవి గదా!" యని నేనంటిని. అతడు బొటనవ్రేలి గోటితో టైరు ప్రక్కను నొక్కి చూచెను. సన్నని పగుళ్లు వల వలె విచ్చుకొన్నవి. "అరగనేదండి బాబూ, ఎండిపోనాది" అనెను. పిమ్మట నన్ను నేలపై కూర్చుండబెట్టి టైరు ప్రక్కనున్న నాలుగంకెలు చదివించెను: 1816. మొదటి రెండంకెలు వారము, తక్కిన రెండు సంవత్సరము. అనగా 2016 లో పదునెనిమిదవ వారమున తయారైన టైరు. నేను వానిని కొన్నది 2020 లో, తగ్గింపు ధర యను సంతోషముతో. ఎవరి కొట్టులోనో నాలుగేండ్లు ముసలిదైన సరకును నేను క్రొత్తదని యింటికి తెచ్చుకొంటిని.

ఈ అంకెలు టైరునకు ఒక ప్రక్కనే యుండవచ్చును. బిగించునప్పుడు ఆ ప్రక్క లోపలికి పోయినచో తరువాత వంగి చూచినను కానరావు. కావున బిగింపకముందే చదువవలెను. ఇది అడుగుటకు మొగమాట మక్కరలేదు. మందుసీసాపై తేదీ చూచుకొనమా?

రబ్బరు ప్రాణముగల వస్తువువంటిది. 1839 లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో వేడిచేసి దానిని గట్టిపరచు మార్గము కనుగొన్నాడు గాని, దాని ముసలితనమును మాన్పినవాడు లేడు. ఎండ, వేడిమి, గాలిలోని ప్రాణవాయువు, ఓజోను దానిని క్రమముగా పెళుసు చేయును. ఇందులకై టైరులో కలిపిన మైనము, బండి నడచి టైరు వంగుచు లేచుచున్నప్పుడే పైకి వచ్చి పొరవలె కాపాడును. కావున కదలక నిలిచిన బండి టైరే త్వరగా ఎండును. ఉక్కునగరములోనో ఎం.వి.పి. కాలనీలోనో విశ్రాంత జీవితము గడపుచు, వారమున కొకనాడు కారు తీయు పెద్దలు ఈ మాట వినవలెను. వారి టైర్లు అరుగవు, కాని చచ్చును. ఆరేండ్లు దాటిన టైరును ఏటేటా నిపుణునికి చూపవలెను. పదియేండ్లు దాటినదానిని ఎంత ముద్దుగా నున్నను పారవేయవలెను. సముద్రపు ఉప్పుగాలి రబ్బరు నంతగా బాధింపదు గాని, కోతపడినచోట లోని ఉక్కుతీగలకు త్రుప్పు పట్టించును.

ఇక అరుగుదల. కారు టైరు చాలులోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన చట్టము. క్రొత్తదానికి సుమారు 8 ఉండును. మన ఊరి వర్షమునకు 3 వద్దనే మార్చుట మేలని నా అభిప్రాయము. 1933 లో నౌకాశ్రయము తెరచిన నాటినుండి ఈ పట్టణము బొగ్గును, ఖనిజమును మోయుచున్నది. గాజువాక వైపు రోడ్డుపై పేరుకొన్న దుమ్మును, నూనెచుక్కలును తొలి చినుకునకు జారుడుముద్దగా మారును. కుండపోతకంటె ఆ మొదటి పావుగంటయే ప్రమాదము. కారు బరువంతయు నాలుగు అరచేతులంత చోటుపై నిలుచుచున్నదని అప్పుడు జ్ఞప్తికి రావలెను.

దుకాణములో మొదట చెప్పు మాట "ఎక్కువ కిలోమీటర్లు వచ్చును" అనునది. గట్టి రబ్బరు ఎక్కువ కాలము మన్నును, నిజమే. తరచుగా అదే తడిలో తక్కువగా పట్టును. రెండింటిలో తడిపట్టునే కోరుకొనుడని నేను చెప్పుదును. యువకులు కొందరు అందమునకై వెడల్పు టైర్లు వేయించుదురు. నిలిచిన నీటిపై వెడల్పు టైరే ముందుగా తేలును. కారుతో వచ్చిన కొలతయే చాలును. 185/65 ఆర్ 15 88 హెచ్ అని యున్నచో, 88 అనునది ఆ టైరు 560 కిలోలు మోయగలదనుటకు గుర్తు. ఐదుగురును సామానును ఎక్కి అరకు ఘాటు నెక్కు కుటుంబము ఈ అంకెను తగ్గించుకొనరాదు.

అచ్యుతాపురములో 2022 లో యొకొహామా వారి కర్మాగారము ప్రారంభమైనప్పుడు, ఇక మన కార్లకు వేడివేడి టైర్లు వచ్చునని ఒక మిత్రుడు సంబరపడెను. అప్పుడు అక్కడ చేసినవి పొలములకును గనులకును పోవు పెద్ద యంత్రముల టైర్లు.

రెండే మార్చగల స్తోమత యున్నచో క్రొత్తవానిని వెనుకకు వేయింపుడు. పనివారు ముందుకే వేయుదురు, ఇంజను ముందున్నదని వాదింతురు. ముందు చక్రములు జారినచో స్టీరింగులో తెలియును, వేగము తగ్గింపవచ్చును. వెనుకవి జారినచో బండి గిరుక్కున తిరుగును. సామాన్యుడు దానిని మరల్చలేడు.

నేను నాలుగింటిని మార్చి, ఆ యేడాది వారపు అంకెలు స్వయముగా చదివి, గర్వముతో ఇంటికి వచ్చితిని. ముసలివాడు డిక్కీ తెరువుమనెను. అందులోని స్టెప్నీ 2013 లో కారుతోపాటు వచ్చినది. ఒక్కనాడును నేలను తాకలేదు. అచ్చులోనుండి వచ్చినప్పటి రబ్బరు వెండ్రుకలు సయితము దానిపై నిలిచియున్నవి. అతడు గోటితో నొక్కెను. అవే పగుళ్లు.