పైన ఆరితే చాలదు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. పెద్ద విషయాలు చెప్పే అర్హత నాకు లేదు. అందుకని నేను పాడుచేసిన ఒక పని గురించి చెబుతాను. అది ఇంటి దగ్గర కారుకు రంగు వేసుకోవడం.

2013లో బరంపురంలో మా ఇంటి ముందు 14 ఏళ్ల మారుతి 800 ఉండేది. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి, ఉప్పు గాలికి తలుపుల అడుగు అంచులు తుప్పు పట్టాయి. షెడ్డు మేస్త్రీ 9 వేలు అడిగాడు. ఆ ఏడే మా అమ్మాయిని ఇంజనీరింగులో చేర్పించాం. ఆ డబ్బు హాస్టలు ఫీజుకు కావాలి. 2 వేలలో నేనే చేసుకుంటానని దిగాను.

ఉప్పుకాగితంతో తుప్పు గీకి, గుంటల్లో లప్పం పెట్టి, నున్నగా రుద్ది, బూడిదరంగు ప్రైమరు కొట్టాను. అది సెప్టెంబరు మూడో వారం. పై రంగు వెంటనే వేసి ఉండవలసింది. ఇంతలో బ్యాంకులో అర్ధ సంవత్సరపు లెక్కల ముగింపు వచ్చిపడింది. "ప్రైమరు వేశాం కదా, ఇక ఇనుముకు భయం లేదు" అనుకుని, ప్లాస్టిక్ పట్టా కప్పి బ్యాంకు పనిలో పడ్డాను.

నా పొరపాటంతా ఆ ఒక్క మాటలో ఉంది. మామూలు ప్రైమరు చిన్న గీతలు పూడ్చడానికి, పై రంగు గట్టిగా పట్టుకోవడానికి వేసేది. సులువుగా రుద్దుకోవడానికి వీలుగా అందులో సుద్దలాంటి పొడులు ఎక్కువగా కలుపుతారు. అందువల్ల అది పై రంగులా నీటిని ఆపలేదు, పీల్చుకుంటుంది. తేమ దాని గుండా ఇనుము దాకా పోతుంది. లప్పం కూడా అంతే. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ప్రైమరు సస్పెన్స్ ఖాతా లాంటిది. తాత్కాలికం. వెంటనే సరిచేయాలి గానీ, అలాగే వదిలేయకూడదు.

పట్టా కూడా మేలు చేయలేదు. కారును అంటుకున్న ప్లాస్టిక్ కింద రాత్రి చెమ్మ నీటిబొట్లుగా పేరుకుంటుంది. గాలి తగలక ఆరదు.

అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా పట్టా ఎటు ఎగిరిపోయిందో తెలియదు. కారుకు దెబ్బ తగల్లేదు గానీ ప్రైమరు రాత్రంతా నానింది. ఎండ వచ్చాక, దసరా సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయి కారు మీద నీటిబొట్లు వేసి చూపింది. పాత రంగు మీద బొట్టు పూసలా నిలిచింది. ప్రైమరు మీద పరుచుకుని నల్లటి మరకయింది.

"నాన్నా, ఇది నీళ్లు తాగుతోంది. మొత్తం గీకేసి మళ్లీ వేద్దాం" అంది.

"పైన ఆరిందమ్మా. మళ్లీ ప్రైమరుకు డబ్బులెక్కడివి?" అన్నాను.

ఆ ఆదివారమే స్ప్రే డబ్బాలతో రంగు వేశాను. తళతళలాడింది. సంక్రాంతికి తలుపుల అడుగున పొక్కులు లేచాయి. గిల్లితే లోపల నీరు, నీటి కింద తుప్పు. మేస్త్రీ ఆ రేకు కోసి కొత్తది అతికించాల్సి వచ్చింది. 16 వేలయింది. హాస్టలు ఫీజు స్నేహితుడి దగ్గర అప్పు చేసి కట్టాను. అందరితో తుఫాను వల్ల అని చెప్పాను. నిజానికి తుఫానుకు ముందు ఎండ కాసిన రోజులున్నాయి, తర్వాత అమ్మాయి చెప్పిన మాట ఉంది. రెండూ నేనే వదులుకున్నాను.

ఇలాంటి పని చేసుకునేవారికి నా అనుభవం కొన్ని మాటల్లో:

వానలు లేని రోజుల్లో, ఎండెక్కాక మొదలుపెట్టి, మంచు దిగేలోపు ముగించండి. రేకు చెమ్మగా తగిలితే ఆగండి.

గీకిన ఇనుముకు అదే రోజు ప్రైమరు వేయండి. డబ్బా మీద రాసిన గడువులోగా పై రంగు వేయండి.

నీటితో రుద్దితే, మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పు మిగిలితే అదే తేమను లాగి పొక్కులు తెస్తుంది.

ఆగక తప్పదంటే, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు తేమను బాగా ఆపుతుంది. తగిన మాస్కు పెట్టుకుని, గాలి ఆడే చోట కొట్టండి.

పట్టా కప్పితే కర్రలు నిలిపి, కారుకు తగలకుండా కప్పండి.

ప్రైమరు తడిస్తే కొన్నాళ్లు ఎండనిచ్చి రుద్ది చూడండి. తుప్పు చుక్క కనిపిస్తే ఇనుము దాకా గీకి మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

చివరగా ఒక మాట. ఆ అప్పు సంగతి మా అమ్మాయికి రెండేళ్ల తర్వాత తెలిసింది. "అప్పుడే చెబితే సెలవుల్లో ట్యూషన్లు చెప్పేదాన్ని కదా నాన్నా" అంది. నాకు జవాబు దొరకలేదు. కారు విషయంలో లోపలి తడిని చూడలేదు. ఇంట్లో నేనే తడిని దాచాను.

విద్యార్థులారా, పాఠం అర్థం కాకపోయినా, ఫీజు బాకీ పడినా, "బాగానే ఉంది" అని పైరంగు వేయకండి. మొదట్లోనే చెప్పండి. తల్లిదండ్రులారా, పిల్లలు చెప్పినప్పుడు వినండి. మొదట్లో ఉప్పుకాగితంతో పోయేది, ఆలస్యమైతే రేకు కోసేదాకా వస్తుంది.