చంకలో ఒకరు, చేతిలో ఒకరు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఏం పెట్టాలి, ఎప్పుడు నిద్రపుచ్చాలి, ఏ బడిలో వెయ్యాలి అని చెప్పేవాళ్ళు మనకు చాలామంది వున్నారు. వాళ్ళను వెంటబెట్టుకొని పట్నంలో ఒక చోటినుంచి ఇంకొక చోటికి వెళ్ళి, మళ్ళీ క్షేమంగా ఇల్లు చేరడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. అదీ ఒక విద్యేనా అంటారేమో. ఏడాది పిల్లవాణ్ణి చంకనెత్తుకొని, నాలుగేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకొని, భుజాన సంచీతో హైదరాబాదులో సాయంత్రం అయిదున్నరకు సిటీబస్సు ఎక్కి చూసినవాళ్ళు ఆ మాట అనరు.

పోనీ, వెళ్ళకుండా వుంటే సరిపోతుందా? పిల్ల పుట్టిన ఆరు వారాలకు టీకా, పదో వారానికి ఒకటి, పధ్నాలుగో వారానికి ఒకటి, తొమ్మిదో నెల నిండాక మరొకటి. అంటే, సరిగా మెడ నిలవని పిల్లతోనే తల్లికి ప్రయాణాలు మొదలవుతాయన్నమాట. ఆ తరవాత ఆస్పత్రి, బడి, పుట్టిల్లు, పెళ్ళిళ్ళూ పేరంటాలూ వుండనే వున్నాయి. తండ్రి సెలవు పెట్టి వెంట వచ్చే ఇళ్ళు ఎన్నో మీకే తెలుసు.

నా సంగతే చెబుతాను. 1984 నాటి మాట. మేము అప్పుడు నల్లకుంటలో వుండేవాళ్ళం. మా అమ్మాయికి నాలుగేళ్ళు, మా వాడికి ఇంకా ఏడాది నిండలేదు. బడులు తెరిచే రోజులు. అమ్మాయికి యూనిఫారం గుడ్డ, పలక, చెప్పులు కొందామని ఇద్దర్నీ తీసుకొని కోఠీ వెళ్ళాను. పెందలాడే తిరిగివద్దామనుకొన్నదాన్ని, బేరాలు ముగిసేసరికి ఆఫీసులు వదిలే వేళ అయింది. పైగా మబ్బు పట్టింది. వాన వస్తుందంటే జనానికి ఎక్కడలేని తొందరా వస్తుంది గదా!

బస్సు వచ్చింది. ముందు గుమ్మం దగ్గర ఆడవాళ్ళందరం ఒక్కసారిగా మూగాం. పిల్లను ముందు ఎక్కిస్తే వెనకాలే నేను ఎక్కేయొచ్చు గదా అనుకొన్నాను. ఆ మెట్టు ఆ పిల్ల నడుముకంటె ఎత్తున్నది. రెక్క పట్టి లేపి లోపలికి నెట్టాను. అంతలో నాకు అడ్డంగా ఇద్దరు దూరారు. చంకలో వాడు, భుజాన సంచీ. నేను కమ్మీ అందుకొనేలోగా వెనకనుంచి "రైట్, రైట్" అని కేక వినిపించింది. బస్సు కదిలిపోయింది.

పిల్ల బస్సులో, నేను రోడ్డు మీద.

డ్రైవరునూ అనను, కండక్టరునూ అనను. ఆ జనంలో నేను వాళ్ళ కంటికి ఆననేలేదు. చెయ్యి వదిలినది నేను. ఏమని అరిచానో గుర్తులేదు గాని, చెప్పు తెగి, ఒక కాలి చెప్పుతో పరుగెత్తడం మాత్రం గుర్తు. ఒక రిక్షా అబ్బాయి చూసి "ఎక్కమ్మా" అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. అతను తొక్కిన తొక్కుడు నాకింకా కళ్ళకు కట్టినట్టే వుంది.

తరవాతి స్టాపులో మా పిల్ల ఒకావిడ పక్కన నిలబడి వుంది. ఖాళీ గంప చంకన పెట్టుకొన్న ఆకుకూరలావిడ. పిల్ల ఏడవడం చూసి, బస్సు ఆపించి, తన టిక్కెట్టు పోతేపోయిందని పిల్లతో సహా దిగిపోయిందట. నన్ను చూస్తూనే తిట్లు లంకించుకొన్నది.

"ఏందమ్మా, చిన్నపిల్లను బస్సుల ఏసి నువ్వు కిందనే ఉంటివి? మీ అమ్మ పేరేంది బిడ్డా అంటే అమ్మ అంటది. మీ ఇల్లు యాడ అంటే మా ఇంట్ల అంటది. నేనేం జేయాలె?"

ఆ తిట్లంత చల్లని మాటలు నేను మళ్ళీ వినలేదు. ఏడుస్తూ నిలబడ్డానే గాని ఆవిడ పేరయినా అడగలేదు. ఎక్కడికి వెళ్ళవలసిన మనిషో, మళ్ళీ ఎంతసేపటికి బస్సు దొరికిందో!

ఇంటికి వచ్చాక మావారు ఏమీ అనలేదు. మా అత్తగారు మాత్రం "పిల్లలు కాస్త గట్టిపడ్డాక తిరుగుదువుగానిలే, ఇప్పుడేం తొందర?" అన్నారు. మంచికే అన్నారు. నేనూ సరేననుకొన్నాను. దాదాపు ఆర్నెల్లు పిల్లలతో ఇల్లు కదలలేదంటే నమ్మండి. పుట్టిల్లు సికిందరాబాదులోనే వున్నా, మా అన్నయ్య వచ్చి తీసుకువెళితేనే వెళ్ళడం. మా అమ్మాయి జూపార్కు చూస్తానని రోజూ అడిగేది. ఆదివారం నాన్నగారితో వెళదాం అనేదాన్ని. ఆయనకు ఆదివారాలు ఖాళీ వుంటే గదా! ఇలా భయపడి ఇంట్లో కూర్చున్న తల్లులు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. వాళ్ళను ఎవరూ కట్టెయ్యలేదు. "తరవాత వెళుదువుగానిలే" అన్న ఒక్క మాటే చాలు.

నన్ను మళ్ళీ రోడ్డెక్కించినది మా వాడి జ్వరం. మావారు క్యాంపులో వున్నారు. తెల్లవారేసరికి పిల్లవాడి ఒళ్ళు పేలిపోతోంది. ఆటో దొరకలేదు. పెద్దదాన్ని ఇంట్లో వదలడానికి ఆరోజు మా అత్తగారు కూడా వూళ్ళో లేరు. ఇద్దర్నీ తీసుకొని బస్సులోనే నీలోఫరు ఆస్పత్రికి వెళ్ళాను. ఆ పూట పిల్ల చెయ్యి ఎంత గట్టిగా పట్టుకొన్నానంటే, సాయంత్రానికి దాని మణికట్టు కమిలిపోయింది.

అలా తిరగ్గా తిరగ్గా నేర్చుకొన్నవే ఈ నాలుగు ముక్కలూ. పిల్ల వేళ్ళు పట్టుకోవద్దు, చెమటకు జారిపోతాయి. మణికట్టు పట్టుకోవాలి. బస్సు ఎక్కేటప్పుడు మన ఒక కాలు మెట్టు మీద పడ్డాకే పిల్ల కాలు పడాలి. దిగేటప్పుడు లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడటం కాదు, ముందే గొంతెత్తి "హోల్డాన్, పిల్లలు దిగాలి" అని అందరికీ వినబడేటట్టు చెప్పాలి. ఇందులో సిగ్గు పడవలసిందేమీ లేదు. నాకు మొదట్లో గొంతు పెగిలేది కాదు. ఒకసారి అలవాటయ్యాక మా వీధిలో నా అంత గొంతు ఎవరికీ లేదనిపించుకొన్నాను! సంచీ చేతికి కాకుండా అడ్డంగా భుజానికి వేసుకోవాలి. ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా వుండాలన్నమాట. బయలుదేరేముందు పిల్లల్ని ఒంటికి పంపించడం మరిచిపోతే దారిలో పడే పాట్లు మీకు నేను చెప్పాలా?

ఆటోలో అయితే పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి మనం అంచున కూర్చోవాలి. పక్కకు వాల్తే వాళ్ళు మన మీదే వాల్తారు. చీర కొంగూ, చున్నీ బయటికి వేలాడకుండా ఒళ్ళోకి లాక్కోవాలి.

ఇక స్కూటర్ల సంగతి. ముందు ఒకణ్ణి నిలబెట్టి, వెనక భార్య, ఆవిడ ఒళ్ళో ఇంకొకరు. ఇది మన పట్నంలో రోజూ కనబడే బొమ్మే. బండి నడిపేవారు కాక మరొక్కరే ఎక్కాలని చట్టంలో వుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. పిల్లను నడిపేవారికి కట్టివుంచే పట్టీలు, తలకు తగిన హెల్మెట్టు వుండాలి, బండి గంటకు నలభై కిలోమీటర్లు మించకూడదు. 2023 ఫిబ్రవరినుంచి అది అమలులోకి వచ్చింది. ఆ పట్టీలు వేసుకొన్న పిల్లను నేను ఇంతవరకు ఇద్దరినో ముగ్గురినో చూశాను. తండ్రి నెత్తిన హెల్మెట్టు వుంటుంది, పిల్లవాడి నెత్తిన వుండదు. నాకు ఇది బొత్తిగా అర్థం కాని విషయం.

ఇప్పుడు కాలం మారింది, కాదనను. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15నుంచి స్త్రీశక్తి పేరుతో వచ్చింది. నెలకు ఎన్నిసార్లు పుట్టింటికి వెళ్ళాలో లెక్కపెట్టుకొనే అవసరం తప్పింది. ఇందులో ఒక చిన్న తమాషా వుంది. మా వాడు, అదే ఆనాడు నా చంకలో వున్నవాడు, ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. ఎనిమిదేళ్ళ మనవరాలికి కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు. ఆరేళ్ళ మనవడికి అర టిక్కెట్టు కొనాలి. వాడు ఆ టిక్కెట్టును జేబులో దాచుకొని "నాది డబ్బుల టిక్కెట్టు, అక్కది ఉత్తిది" అని ఇల్లంతా చాటుతాడు.

అయితే టిక్కెట్టు పోయింది గాని మెట్టు ఎత్తు అలాగే వుంది చాలా బస్సుల్లో. ఎక్కేవాళ్ళు పెరిగారు, నిలబడేచోటు పెరగలేదు. చిన్నపిల్లల తల్లికి కావలసింది డబ్బు ఒక్కటే కాదు, ఎక్కడానికి ఇంకొక అర నిమిషం. ఆ అర నిమిషం ఇచ్చే డ్రైవర్లున్నారు, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. పని లేనప్పుడు మనమే ఉదయం పదిన్నర దాటాక బయలుదేరి మూడు గంటలలోపు తిరిగివచ్చేస్తే సగం బాధ తప్పుతుంది. ఉద్యోగాలు చేసే తల్లులకు ఆ సౌకర్యం లేదు, వాళ్ళకు ఈ సలహా ఇవ్వను.

మెట్రోరైలు 2017 నవంబరులో వచ్చింది. మొదట మియాపూరు నుంచి నాగోలు దాకా, మరుసటి ఏడు అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా, 2020లో జూబ్లీ బస్‌స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషను దాకా. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది నిజంగా వరమే. పెట్టె నేలా, ప్లాట్‌ఫారమూ ఒకే ఎత్తున వుంటాయి. ఎక్కడానికి మెట్టు లేదు. లిఫ్టు వుంది. కదిలే మెట్ల మీద మాత్రం పిల్లల మెత్తని రబ్బరు చెప్పులు అంచుల్లో ఇరుక్కొంటాయి, మన చీర కుచ్చెళ్ళూ అంతే. చంటిపిల్ల వుంటే లిఫ్టు కోసం నిలబడటమే మేలు. లోపల చల్లగా వుంటుంది గనక ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

దానికీ తలుపులున్నాయి, వాటంతట అవే మూసుకొంటాయి. అందుకే మా ఇంట్లో మనవలకు ఒక కట్టుబాటు పెట్టాను. నువ్వు ప్లాట్‌ఫారం మీద వుండిపోతే అక్కడే నిలబడు, నేనే వెనక్కి వస్తాను. నువ్వు రైల్లో వుండిపోతే తరవాతి స్టేషనులో దిగి, యూనిఫారం వేసుకొన్నవారి దగ్గర నిలబడు. బస్సులో అయితే దిగవద్దు, కండక్టరు దగ్గరికి వెళ్ళు. ఇంట్లో కుర్చీలు వరసగా వేసి, రైలాట ఆడుతూ ఇది నేర్పాను. మా కోడలు మొదట నవ్వింది. ఇప్పుడు తనే ఆడిస్తుంది. తప్పిపోయిన పిల్లల కోసం 1098 అని ఫోను నంబరు వుంది, పోలీసులకు 112. ఇవి పెద్దవాళ్ళకు నోటికి వుండాలి.

పోయిన వారం నేను ఒక్కదాన్నే బస్సులో వస్తున్నాను. సీటు దొరికింది. చంకలో ఒకరు, చేతిలో ఒకరితో ఒకమ్మాయి ఎక్కింది. కూర్చోమంటే, "ఫరవాలేదు ఆంటీ, మీరు కూర్చోండి, వీణ్ణి పట్టుకోండి చాలు" అని పెద్దవాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. నాలుగేళ్ళుంటాయి. "నీ పేరేమిటి నాన్నా?" అంటే ఇంటిపేరుతో సహా చెప్పాడు. "మీ అమ్మ పేరు?" అన్నాను.

"మమ్మీ" అన్నాడు.

చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు, ఆ అమ్మాయీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె పేరు అడిగి తెలుసుకొని, వాడి చేత పదిసార్లు అనిపించాను. ఆ తరవాత ఆమె ఫోను నంబరు మొదలుపెట్టాం. ఆరు అంకెలు వచ్చాయి, ఏడోదాని దగ్గర తడబడుతున్నాడు, ఇంతలో మా స్టాపు వచ్చేసింది. మిగతా నాలుగూ ఇంటికి వెళ్ళి నేర్పమ్మా అని చెప్పి దిగాను.