డచ్చివారి దేశంలో మన భాష గుర్తుకొచ్చింది



భీమునిపట్నంలో డచ్చివారి పాత సమాధులు చూసిన నాటి నుంచీ మాకు ఆ దేశమంటే మోజు. సముద్రమట్టం కన్నా పల్లంలో ఉన్న నేలను గట్లు కట్టి, గాలిమరలతో నీళ్లు తోడి కాపాడుకున్న జనం గురించి ఎంత చదివినా తనివి తీరేది కాదు. ఇన్నేళ్లకు నెదర్లాండ్స్ వెళ్లాం. 1932లో పూర్తయిన 32 కిలోమీటర్ల సముద్రపు గట్టు మీదుగా ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ చేరాం.

అక్కడ ఊరి బోర్డు మీద రెండు పేర్లున్నాయి. డచ్చిలో లేవార్డెన్, ఫ్రిసియన్‌లో ల్యౌవర్ట్. ఫ్రిసియన్ వేరే భాష. మాట్లాడేవాళ్లు నాలుగైదు లక్షలే.

ఆ గౌరవం ఊరికే రాలేదు. కోర్టులో ఫ్రిసియన్‌కు చోటివ్వని జడ్జిని విమర్శించినందుకు ఫెడ్డె స్కూరర్ అనే సంపాదకుడి మీద కేసు పెట్టారు. 1951 నవంబరు 16న, విచారణ రోజు, కోర్టు ముందు చేరిన జనాన్ని పోలీసులు లాఠీలతో కొట్టారు. 1956లో కోర్టులో ఆ భాష మాట్లాడే హక్కు చట్టమైంది. 1980 నుంచి ప్రాథమిక బడుల్లో తప్పనిసరి పాఠమైంది.

మన సవరకు 1936లోనే మంగెయ్ గొమాంగో లిపి కూర్చారు. గిడుగు రామమూర్తి పంతులు గారు నిఘంటువు రాశారు. అయినా సీతంపేట సంతలో పక్కన ఎవరైనా ఉంటే మనం గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దేశాలు చూడండి, పది భాషలు నేర్వండి. సంతలో మాత్రం అమ్మతో సవరలోనే, గట్టిగా మాట్లాడండి.

జై ఆదివాసీ!