యంత్రభాషలో గ్రంథాలయము



కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువారికిని గ్రంథాలయము కలదు. ఇది చమత్కారమునకు చెప్పుమాట గాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము 1949 మే 6వ తేదీన తొలిసారి ప్రోగ్రామును నడిపి వర్గముల పట్టికను అచ్చువేసెను. అచటి మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ మున్నగువారు, పలువురికి పనికివచ్చు గణనలను ఒకసారి వ్రాసి, రంధ్రములు పొడిచిన కాగితపు నాడాలుగా ఉక్కు బీరువాలో భద్రపఱచిరి. దానికి లైబ్రరీ యనియే పేరు. కావలసినవారు నాడాకు నకలు తీసి తమ ప్రోగ్రాములో చేర్చుకొనెడివారు.

నేడా వెదకుట, చేర్చుట ఇంటర్ప్రెటరు తానే చేయును. ప్రోగ్రామును చదువుచు అందలి ఆజ్ఞలను నెరవేర్చు సాధనమే ఇంటర్ప్రెటరు. నెదర్లాండ్సు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలో ‘ఇంపోర్టు’ అని వ్రాసి మాడ్యూలు పేరు చెప్పిన చాలును. ఇంటర్ప్రెటరు మొదట తన రిజిస్టరు చూచును. పేరున్నచో ఆ మాడ్యూలునే యిచ్చును. పదిమంది అడిగినను ఫైలు నడచునది ఒక్కసారియే. లేనిచో నిర్ణీతక్రమమున చోటులన్నియు వెదకి, ముందు దొరకినదానిని గైకొనును. తన ఫైలుకే ‘రాండమ్’ అని పేరిడి, భాషతో వచ్చిన రాండమ్ మాడ్యూలు పాడైనదని గంటలకొలది వగచిన క్రొత్తవారు కలరు! యంత్రము పేరునే చూచును గాని యోగ్యతను చూడదు.

అసలు చిక్కు రిజిస్టరులో పేరెప్పుడు వ్రాయవలెనన్నది. ఫైలు పూర్తిగా నడచిన పిదప వ్రాయుట న్యాయమని తోచును. కాని ‘లెక్కలు’ అను ఫైలు ‘పద్దులు’ను, ‘పద్దులు’ మఱల ‘లెక్కలు’ను కోరినచో? రిజిస్టరులో పేరు లేదు గనుక ‘లెక్కలు’ మఱల మొదటినుండి ప్రారంభమగును, అది తిరిగి ‘పద్దులు’ను పిలుచును, ఇట్లే సాగి సాగి, తుదకు ప్రోగ్రాము ఆగిపోవును. కావున పైథాన్ ముందుగా ఖాళీ మాడ్యూలొకటి సృష్టించి, పేరు వ్రాసి, ఆపైననే ఫైలును నడపును. అప్పుడు ‘పద్దులు’కు సగము నిండిన ‘లెక్కలు’ దొరకును. ఇంకను నిండని భాగమును వెంటనే కోరినచో తప్పు పడును. అట్టిచో ఉభయులకు కావలసినదానిని మూడవ ఫైలులోనికి తీయుట మేలు.

సొంతముగా భాష కట్టువారు తఱచు మఱచునది వేఱొకటి యున్నది. ఫైలు నడుమ విఫలమైనచో, ముందు వ్రాసిన పేరును కొట్టివేయవలెను. పైథాన్ అట్లే చేయును. చేయనిచో తరువాత అడిగినవారికి ఆ సగము మాడ్యూలే సంపూర్ణమైనట్లు చేతికి వచ్చును. లోపమెచట పుట్టినదో వారికి తెలియదు.