మూడు జోన్లు – ముందుచూపు

2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ హైదరాబాదు ప్రాంతమున మూడు అవైలబిలిటీ జోన్లను నెలకొల్పినది. ఒకదానికి విద్యుత్తు పోయినను తక్కిన రెండును నడచునట్లు వానిని వేరువేరుగా అమర్చుదురు.

అంతమాత్రమున సేవ ఆగదని మనము నిశ్చింతగా ఉండరాదు. ప్రోగ్రామును దాని సామగ్రితో సహా కట్టిన మూటయే కంటెయినరు. రద్దీ వేళ మనకు ఆరు కంటెయినర్లు కావలెననుకొందము. జోనుకు రెండేసి ఉంచినచో, ఒక జోను పోయిన వెంటనే నాలుగే మిగులును. కొత్తవానికి చోటు వెదకుదమన్న, ఆ క్షణముననే అందరును మిగిలిన జోన్లకే పరుగెత్తుదురు. కావున జోనుకు మూడేసి, మొత్తము తొమ్మిదింటిని ముందే నడుపవలెను. సమముగా పంచుమని కుబర్నెటీసుకు స్పష్టముగా వ్రాసి ఉంచవలెను.

అర్ధరాత్రి ఆసుపత్రిలో రోగి వివరములు తెరచుకొనకున్న, ఆ మూడింటి ఖర్చు మిగిల్చితిమని సంతోషింపగలమా?